మూడున్నర టన్నుల ఇల్లు

మా బావ క్లిఫర్డ్‌కి చెక్క అంటే ప్రాణం. మనుషులంటే కూడా ఇష్టమే, కాకపోతే చెక్క తరవాత. ఈ మాట ఆయన వెనకాల అనడం లేదు, మొహం మీదే ఎన్నోసార్లు అన్నాను. "చెక్క నీలాగా ఎదురు మాట్లాడదు హేజెల్" అని నవ్వేసేవాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నవ్వితే బాగుండేవాడు. మా అక్క థెల్మా ఆ నవ్వు చూసే పడిపోయింది. పడిపోయిన మనిషి నలభై ఏళ్ళ దాకా లేవలేదు.

కీత్లీలో నలభై నాలుగేళ్ళు వడ్రంగం చేశాడు. పేరుకు వడ్రంగమే గాని, చేసిందంతా పరాయి వంటిళ్ళలో అల్మరాలు బిగించడం. రంపంపొట్టును జిగురుతో అదిమి, పైన చెక్క గీతలు అచ్చేసిన కాగితం అంటించిన అల్మరాలు. అవి బిగించి ఇంటికొచ్చాక, ముట్టుకోకూడనిదేదో ముట్టుకున్నట్టు చేతులు రుద్ది రుద్ది కడుక్కునేవాడు. జీవితంలో ఒక్క పనైనా, ఎవరూ తొందరపెట్టకుండా, అసలైన ఓక్ చెక్కతో తన మనసుకు నచ్చినట్టు చెయ్యాలని ఆయన కోరిక. ఆ కోరిక తప్పని నేను అనను. అది మా అక్క నెత్తి మీదికొచ్చింది, నా కడుపుమంట అంతా అందుకే.

పని మానెయ్యగానే పాత మోటార్‌హోమ్ ఒకటి కొన్నాడు. స్కిప్టన్‌లో భర్త పోయినావిడ ఇంటి పక్కన పన్నెండేళ్ళు కదలకుండా నిలబడిపోయిన బండి అది. చక్రాల చుట్టూ గడ్డి, కిటికీల రబ్బర్లలో నాచు. ఇల్లు అమ్మేద్దాం, ఇకమీదట ఏడాది పొడుగునా ఇందులోనే ఉందాం, ఎక్కడ బాగుంటే అక్కడ ఆగుదాం అని అక్కతో అన్నాడు.

మా అక్క అల్లాటప్పా మనిషి కాదు. జిల్లా గ్రంథాలయం వాళ్ళ పుస్తకాల బండి పందొమ్మిదేళ్ళు నడిపింది. ఆరు టన్నుల బండి. మంచు పడినా, రోడ్డు మీద గొర్రెలు అడ్డం పడుకున్నా, కొండల మీద ముసలివాళ్ళకు బుధవారం నవలలు బుధవారమే అందాలి. అలాంటి మనిషికి తిరుగుడు కొత్త కాదు. సరేనంది, ఒక్క షరతు పెట్టింది.

"అమ్మ కుట్టుమిషన్ నాతో రావాలి. ఇలాంటి బండ్లు ఆగే క్యాంపుల్లో అందరి కర్టెన్లూ చిరుగుతాయి, దిండు గలీబులు చిరుగుతాయి. కుట్టిపెడతా. నాకూ ఒక పనుండాలి కదా. పొద్దస్తమానం నీ మొహం చూస్తూ కూర్చోలేను."

"దానికొక గూడు కడతా. రాణిగారి సింహాసనం కూడా అలా ఉండదు" అన్నాడు బావ.

అది చేత్తో తిప్పే నల్లటి ఇనుప మిషన్. మా అమ్మ పగలు మిల్లులో పని చేసి వచ్చి, దాని మీదే మా ఇద్దరికీ బడి గౌన్లు కుట్టేది. అక్కకి అదొక్కటే కావాలి. మిగతా ఇల్లంతా పోయినా సరేనంది.

బండి పని రెండేళ్ళు పట్టింది. వాళ్ళ వాకిట్లోనే పెట్టుకుని చేశాడు. మొదటి రోజే వెనక మూల స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే, రొట్టెలోకి దిగినట్టు పిడి దాకా దిగిపోయింది. ఏళ్ళ తరబడి కారిన వాన నీళ్ళకి లోపలి కర్రంతా కుళ్ళిపోయింది. కుళ్ళింది తీసి, అక్కడ మంచి కర్ర వేసి, నీళ్ళు దిగకుండా కప్పు అతికితే సరిపోయేది. ఊళ్ళో ఎవరిని అడిగినా అదే చెప్పారు. బావ మాత్రం లోపల ఉన్నదంతా పీకి రోడ్డు పక్కన పోశాడు. అగ్గిపెట్టెల్లా తేలిగ్గా ఉన్న పలచటి అల్మరాలు, పలచటి తలుపులు, అన్నీ.

"బాగున్నవి ఎందుకు పీకుతున్నావు బావా?"

"ఇవి తలుపులా? అట్టముక్కలు. నేను అట్టపెట్టెలో కాపురం చెయ్యను."

ఇంక చూసుకోండి. నేలకి మందపాటి ప్లైవుడ్, అల్మరాలకి ఓక్ తలుపులు. సొరుగులు ఒక్క మేకు లేకుండా, పళ్ళలో పళ్ళు కూర్చినట్టు చేశాడు. వేలితో తోస్తే చప్పుడు లేకుండా వెళ్ళి మూసుకునేవి. చలికి పోత ఇనుప పొయ్యి, దాని కింద రాతిపలక. చూడటానికి వచ్చినవాళ్ళందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. నేనూ వెళ్ళబెట్టాను, అబద్ధమెందుకు.

ఇక్కడే ఆయన ఒక పొరపాటు చేశాడు. అది చెక్కపని తెలిసినవాడు మాత్రమే చెయ్యగల పొరపాటు. తలుపు పక్కన ఒక రేకు ఉంటుంది, బండి మొత్తం ఎంత బరువు దాటకూడదో దాని మీద కొట్టి ఉంటుంది. ఈ బండికి మూడువేల అయిదువందల కిలోలు. ఖాళీ బండి బరువు దాని పాత పుస్తకంలో రాసి ఉంది. రెంటికీ తేడా ఎంతో అంత సామాను ఎక్కించుకోవచ్చు. బావ స్నానాలగదిలో ఉండే తూకం యంత్రం తెచ్చి గుమ్మంలో పెట్టాడు. అక్క లోపలికి ఏది తీసుకెళ్ళినా ముందు దాని మీద పెట్టాలి.

"ఈ నవలలు ఎందుకు? చదివేసినవేగా."

"నీ చెక్కలు కూడా కోసేసినవేగా" అంది అక్క.

"చెక్క బండిలో భాగం థెల్మా. ఇది సామాను."

అదీ సంగతి. అక్క చేతిలోంచి లోపలికి వెళ్ళేది సామాను, ఆయన చేతిలోంచి వెళ్ళేది బండి. స్కార్ఫులు తూచాడు, పళ్ళేలు తూచాడు, మా నాన్న ఫొటో ఫ్రేముతో ఒకసారి, ఫ్రేము లేకుండా ఒకసారి తూచాడు. ఓక్ తలుపు ఒక్కటి తూచలేదు. పుస్తకంలో రాసిన ఖాళీ బరువు తాను పీకి పారేసిన అట్టముక్కలతో కలిపి వేసిన బరువన్న సంగతి, నలభై నాలుగేళ్ళు చెక్క మోసిన మనిషి బుర్రకి తట్టలేదు. తట్టినా తట్టనట్టు ఉన్నాడేమో, ఇప్పటికీ నాకు తెలీదు.

మిషన్‌కి గూడు మాత్రం కట్టాడు, చెప్పినట్టే. కిటికీ కింద, వెలుతురు పడేచోట, మిషన్ కొలతకి సరిగ్గా. లోపల ఆకుపచ్చ ఉన్నిగుడ్డ కూడా అంటించాడు. బయలుదేరే రోజు పొద్దున అక్క మిషన్ ఎత్తుకొచ్చి తూకం మీద పెట్టింది. పద్నాలుగు కిలోలు. ఆయన లెక్కలో మిగిలింది ఆరు.

"ఈ ఏడాదికి హేజెల్ దగ్గర ఉంచుదాం. వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు నేల చూపులు చూస్తూ.

అక్క మిషన్ నా చేతికిచ్చింది. నేను దాన్ని మోసుకుంటూ వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, బావ తన ఉలులు, చిత్రికలు ఉన్న పెట్టె తెచ్చి ఆ గూట్లో పెడుతున్నాడు. సరిగ్గా పట్టింది. ఆ పెట్టె తూకం ఎక్కలేదు. పనిముట్లు కూడా బండిలో భాగమేనట.

బయలుదేరిన మూడో నెలలో ఇంగిల్టన్ దగ్గర రోడ్డు పక్కన తనిఖీవాళ్ళు ఆపి, చక్రాల కింద పలకలు పెట్టి తూచారు. మూడువేల తొమ్మిదివందలు. నాలుగువందల కిలోలు ఎక్కువ. బరువు దించితే గాని కదలనివ్వమన్నారు. అక్క ఫోన్ చేస్తే నా కారేసుకుని వెళ్ళాను. వానలో ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు. దించింది ఏమిటో చెప్పాలా? అక్క పళ్ళేలు, అక్క నవలలు, అక్క చలికోట్లు. అవి చాలక నీళ్ళ ట్యాంకు పారబోశారు, గ్యాస్ బండలు నా కారెక్కించారు.

"ఆ తలుపులు దించవేం?" అన్నాను.

"నోర్ముయ్ హేజెల్" అన్నది బావ కాదు, అక్క. అప్పటికి ఆయన మొహం చూసి జాలిపడింది.

తరవాత బావ వెనక స్ప్రింగులు మార్పించి, కాగితాలు పెట్టి, నాలుగువేల కిలోలకి కొత్త రేకు వేయించుకున్నాడు. మా కాలం వాళ్ళ డ్రైవింగ్ లైసెన్సు మీద అంత బరువు నడపొచ్చు. నాలుగు వేలన్నాక సామాను మళ్ళీ ఎక్కింది. మిషన్ ఎక్కలేదు, ఎందుకంటే గూట్లో పెట్టె ఉంది.

అలా రెండేళ్ళు తిరిగారు. అక్క వారానికొక కార్డు రాసేది. సముద్రం బాగుంది, బూజు వాసన పోయింది, పొయ్యి భలే వేడిగా ఉంది, అని. మిషన్ గురించి రాసేది కాదు. ఒకసారి నేను వాళ్ళతో నాలుగు రోజులు వెళ్ళాను. అప్పుడు చూశాను ఒక సంగతి. బావకి ఎడమ కన్ను సరిగా కనపడదు. నలభై ఒకటో ఏట చెక్కపేడు ఎగిరి గుచ్చుకుంది, బయట ఎవరికీ చెప్పుకోలేదు. డ్రైవరు కుడిపక్క, అక్క ఎడమపక్క. రోడ్డు మలుపు వచ్చిన ప్రతిసారీ బావ బండి ఆపుతాడు, అక్క ఎడమవైపు చూసి "ఖాళీ" అంటుంది, అప్పుడు కదుల్తాడు. అల్లుతూ అల్లుతూ తల ఎత్తి "ఖాళీ" అంటుంది, టీ తాగుతూ అంటుంది. ఇద్దరికీ అది ఎంత అలవాటైపోయిందంటే, అన్నట్టు ఆమెకీ తెలీదు, విన్నట్టు ఆయనకీ తెలీదు.

డెబ్భై నిండే ముందు ప్రభుత్వం నుంచి కాగితాలు వచ్చాయి. మూడున్నర టన్నులు దాటిన బండి నడపాలంటే ఇక మీదట డాక్టరు చూడాలి, కళ్ళు చూడాలి. ఎడమ కన్ను సరిగా ఆనని మనిషికి ఆ కాగితం ఎవరిస్తారు? చిన్న బండ్లకైతే లైసెన్సు ఉంటుంది, తన ఇంటికి లేదు. ఇల్లు అమ్మేశాడు, ఉన్న ఇల్లు నడపకూడదు.

మా ఇంటి ముందు బండి ఆపుకుని, మా వంటింట్లో కూర్చుని, టీ చల్లారిపోతున్నా తాగకుండా ఆ కాగితం తిరగేస్తున్నాడు. అప్పుడు అక్క చాలా మామూలుగా అంది.

"నేను నడుపుతా. నాకు అరవై ఆరేగా, నా లైసెన్సుకి ఇంకా నాలుగేళ్ళుంది. ఆరు టన్నుల బండి నడిపినదాన్ని, ఇదొక లెక్కా?"

బావ కాగితం మళ్ళీ మడతపెట్టాడు.

"బంగారంలాంటి మాట బావా" అన్నాను. "నువ్వు పక్కన కూర్చుని కొండలు చూడు."

"నా బండిలో నేను పక్క సీట్లో కూర్చోను" అన్నాడు.

అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క మొహం చూశాను. ఇంగిల్టన్ దగ్గర వానలో ఆ మొహంలో చూసిన జాలి ఇప్పుడు లేదు. లేచి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. కడిగినవే మళ్ళీ కడిగింది.

బావ పథకం ఏమిటంటే, బరువు తగ్గించి, రేకు మళ్ళీ మూడున్నర టన్నులకి మార్పించుకోవడం. నాలుగువందల కిలోలు తియ్యాలి. వారం రోజులు తీశాడు. పొయ్యి, రాతిపలక తీసేటప్పుడు ఏడ్చినంత పని చేశాడు. రెండు బ్యాటరీల్లో ఒకటి, అదనపు చక్రం, బయట వేసే గుడారం, సైకిళ్ళు, ఒక గ్యాస్ బండ తీశాడు. నీళ్ళ ట్యాంకు సగానికి కోశాడు. అక్క చలికోట్లు రెండోసారి నా అల్మరాలోకి వచ్చాయి, చెప్పులు ఒక్క జత మిగిలాయి. ఓక్ తలుపుల జోలికి పోలేదు. సొరుగుల జోలికి పోలేదు. కిటికీ కింద పెట్టె కదల్లేదు.

సోమవారం పొద్దున దాణా మిల్లు దగ్గరున్న లారీల కాటాకి వెళ్ళాం. వాళ్ళిద్దరూ బండిలో, నేను వెనక కార్లో. మనుషులు కూర్చుని ఉండగానే తూచాలి, రోడ్డు మీద తనిఖీవాళ్ళు అలాగే తూస్తారు. బండి ఇనుప పలక ఎక్కింది. కాటా గది కిటికీలోంచి ఒక అమ్మాయి తల బయటపెట్టింది.

"మూడువేల అయిదువందల అరవై."

బావ మొహం పాలిపోయింది. "మళ్ళీ ఒకసారి చూడమ్మా."

"ఎన్నిసార్లు చూసినా అంతేనండీ. వెనక లారీ వచ్చింది, కాస్త తొందరగా తేల్చుకోండి."

నేను కారు దిగి ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళాను. "బావా, ఆ పెట్టె దించు. పాతిక కిలోలుంటుంది. రెండు తలుపులు విప్పావంటే మిగతాది కూడా తగ్గుతుంది. నా డిక్కీ ఖాళీగానే ఉంది."

"తలుపులు విప్పితే మొత్తం వదులైపోతుంది. గోడకీ వాటికీ కలిపి కూర్చాను."

"పోనీ పెట్టె?"

"పెట్టె లేకుండా నేను..." అని ఆగిపోయాడు.

అక్క అప్పటిదాకా ఎదురుగా ఉన్న మిల్లు గోడ చూస్తూ కూర్చుంది. తన పక్క తలుపు తీసింది. మోకాళ్ళ నొప్పులు, పిడి పట్టుకుని మెల్లిగా దిగింది. తలుపు నెమ్మదిగానే వేసింది. చేతిసంచితో ఇనుప పలక దాటి బురదలోకి వచ్చి నిలబడింది.

"ఇప్పుడు చూడమ్మా" అంది.

"మూడువేల అయిదువందలు. సరిగ్గా." ఆ అమ్మాయికి పాపం ఏమీ తెలీదు, నవ్వుతోంది. "సరిపోయిందండీ. చీటీ రాసివ్వనా?"

"రాసివ్వు" అంది అక్క.

బావ కిటికీలోంచి వంగాడు. "తమాషాలు చాలు థెల్మా. ఎక్కు."

"తమాషా ఏముంది క్లిఫ్? అయిదేళ్ళ నించీ నువ్వు వేస్తున్న లెక్కేగా. పుస్తకాలు తూచావు, కోట్లు తూచావు, అమ్మ మిషన్ తూచావు. నేనొక్కదాన్నే మిగిలాను."

"నిన్ను దిగమని నేనన్నానా?"

"అనలేదు. తలుపు విప్పుతాననీ అనలేదు."

ఆయన స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. దిగుతాడనుకున్నాను. నిజంగా అనుకున్నాను. తల తిప్పి లోపల అల్మరాల వైపు చూశాడు, చాలాసేపు చూశాడు. వెనక లారీవాడు హారన్ కొట్టాడు. ఆ అమ్మాయి చీటీ అందిస్తే పుచ్చుకున్నాడు, మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బండి కదిలింది.

మిల్లు గేటు దగ్గర రోడ్డెక్కే చోట మళ్ళీ ఆగింది. మేము నిలబడిన చోటికి రోడ్డు వంతెన దాకా కనిపిస్తోంది, ఎటు చూసినా ఒక్క బండి లేదు. అయినా ఆయన కదల్లేదు. ఖాళీ సీటు మీదికి వంగి, భుజాలతో సహా తిరిగి చూస్తున్నాడు. అక్క పెదాలు బిగించుకుని నా పక్కనే నిలబడి ఉంది. లారీవాడు మళ్ళీ హారన్ కొట్టాక గాని బండి వెళ్ళలేదు.

ఇప్పుడాయన సెటిల్ అనే ఊరి అవతల ఒక రైతు పొలంలో ఉంటున్నాడు. క్యాంపులవాళ్ళు వచ్చి ఆ సొరుగులకి ఫొటోలు తీసుకుంటారట. మా అక్క ఈ వయసులో తన పేరు మీద ఒక గుమ్మం లేకుండా, మా ఇంటి వెనక గదిలో ఉంటోంది. కిటికీ దగ్గర మామూలు బల్ల వేసి మిషన్ దాని మీద పెట్టాను. వీధిలోవాళ్ళ కర్టెన్లన్నీ అక్క దగ్గరికే వస్తున్నాయి.

పోయిన నెల బావ ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం దాగలేదు.

"మీ అక్క మిగతా సామాను నువ్వు పట్టుకెళ్ళాక మళ్ళీ కాటా వేయించాను హేజెల్. చోటు మిగిలింది. పొయ్యి మళ్ళీ బిగించేశా, రాతిపలకతో సహా. మూడున్నరకి సరిగ్గా సరిపోయింది. మీ అక్కకి చెప్పు."

నా నోరు ఎప్పుడూ ఊరుకోదని మా వాళ్ళందరూ అంటారు. ఆ రోజు మాత్రం ఫోన్ పెట్టేశాను. దాచడం చేతకాక వెళ్ళి అక్కకి చెప్పాను. తను చక్రం ఆపలేదు. కుడుతున్న అంచు చివరిదాకా కుట్టి, దారం కొరికి, అప్పుడు తలెత్తింది.

"ఎడమవైపు ఎవరు చూస్తున్నారో అడిగావా?"

అడగలేదన్నాను. అక్క గుడ్డ రెండో అంచు తిప్పిపెట్టుకుని మళ్ళీ చక్రం తిప్పడం మొదలుపెట్టింది.